కాంటాక్ట్స్‌లో +91 లేకుండా శంషాబాద్ దాటకండి

కొత్త ఫోన్ చేతికి రాగానే మనం ఏం చూస్తాం? కెమెరా, బ్యాటరీ, డిస్‌ప్లే, ప్రాసెసర్ స్కోర్. అరగంట గేమ్ ఆడి వేడెక్కుతోందా లేదా చూస్తాం. ఛార్జింగ్‌కి స్టాప్‌వాచ్ పెడతాం. కానీ మనం సేవ్ చేసుకున్న నంబర్‌కి దేశం దాటాక కూడా కాల్ కలుస్తుందా అని ఏ రివ్యూలో అయినా టెస్ట్ చేశారా? నాకైతే ఒక్కటీ కనబడలేదు. ఫోన్ మొదటి పని ఫోన్ చేయడమే కదా!

చాలామందికి ఇది చిన్న విషయం. నేను ఉండేది హైదరాబాద్ పాతబస్తీలో కాబట్టి నాకు చిన్నదిగా అనిపించదు. మా గల్లీలో ఏ ఇంటి తలుపు తట్టినా దుబాయ్‌లోనో, జెద్దాలోనో, కువైట్‌లోనో ఒక కొడుకు, ఒక బావ, ఒక మేనమామ ఉంటారు. బార్కస్‌లో అయితే ఆ సంబంధం తరాల నాటిది. నిజాం సైన్యంలో పనిచేయడానికి యెమెన్‌లోని హద్రమౌత్ నుంచి వచ్చిన అరబ్బుల వారసులు ఇప్పటికీ అక్కడే ఉంటున్నారు. ఇటు లాల్ దర్వాజా, గౌలిపురా వైపు వస్తే పిల్లలు అమెరికాలో, అమ్మానాన్నలు ఆరు నెలలు అక్కడ, ఆరు నెలలు ఇక్కడ. బజారుకి వెళ్తే ఉమ్రా ప్యాకేజీల బోర్డులు వరసగా కనిపిస్తాయి.

నేను చేసేది సాఫ్ట్‌వేర్ జాబ్. గల్లీలో మాత్రం నా డ్యూటీ వేరే. ఎవరిదైనా ఫ్లైట్ ఉందంటే ముందు రోజు రాత్రి "జర ఫోన్ సెట్ చేసి ఇయ్యి బేటా" అని వచ్చేస్తారు. ఎవరి కాంటాక్ట్స్ తెరిచినా అదే సీన్. కొన్ని నంబర్లు ఉత్త 10 అంకెలు, కొన్నింటికి ముందు 0, కొన్నింటికి 0091, ఎక్కడో ఒకటి రెండిటికి +91. ఆ చివరివి తప్ప మిగతావి ఏ దేశంలో పనిచేస్తాయో, ఏ దేశంలో పనిచేయవో ముందే చెప్పలేం.

నా మాట సూటిగా చెప్పేస్తా. ఇది వాడేవాళ్ల తప్పు కాదు. సగం నంబర్‌ని పూర్తి నంబర్ అన్నట్టు సేవ్ చేసుకునే కాంటాక్ట్స్ యాప్‌ది తప్పు. దాన్ని సరిచేయడానికి కావాల్సిన కోడ్ ఎప్పటినుంచో ఫోన్‌లోనే ఉంది.

రోమింగ్‌లో అసలు ఏం జరుగుతుంది?

ఇండియాలో 10 అంకెలు కొడితే కాల్ వెళ్తుంది. ఎందుకంటే ఆ అంకెలని చదివేది ఇక్కడి నెట్‌వర్క్. మొబైల్ నంబర్ 6, 7, 8, 9లలో ఒకదానితో మొదలవుతుందని దానికి తెలుసు. మీ సిమ్ రోమింగ్‌లో జెద్దాలో ఉంటే, సాధారణంగా ఆ అంకెలని ముందు చదివేది అక్కడి నెట్‌వర్క్. సిమ్ ఇండియాదే అయినా సరే. అది తన దేశం లెక్క ప్రకారమే చదువుతుంది. ఆ లెక్కలో మీ అమ్మ నంబర్‌కి అర్థం లేకపోతే "నంబర్ సరిచూసుకోండి" అని ఒక రికార్డెడ్ వాయిస్ వస్తుంది, అదీ అరబ్బీలో.

కాల్ కలవకపోవడం ఒక రకం. తప్పు చోట కలవడం ఇంకో రకం. మన దగ్గర 9848 సిరీస్ నంబర్లు ఎంత పాతవో మీకు తెలుసు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో మొబైల్ వచ్చిన కొత్తల్లో తీసుకున్న నంబర్లు అవి. నాన్నల దగ్గర, షాపుల బోర్డుల మీద ఇప్పటికీ ఉంటాయి. అమెరికాలో 984 ఒక ఏరియా కోడ్. నార్త్ కరోలినాలో, రాలీ నగరం ఉన్న ప్రాంతానిది. అక్కడి నంబర్లు కూడా 10 అంకెలే. అంటే అమెరికా వెళ్లిన అమ్మ, నాన్నగారి 9848 నంబర్‌ని +91 లేకుండా కొడితే, గౌలిపురాలో మోగాల్సిన ఫోన్ రాలీలో ఎవరింట్లోనో మోగొచ్చు.

ఇక 0 సంగతి. ఒకప్పుడు వేరే సర్కిల్ మొబైల్‌కి ఫోన్ చేయాలంటే ముందు 0 కొట్టాల్సి వచ్చేది. ల్యాండ్‌లైన్ నుంచి ఏ మొబైల్‌కి చేసినా ముందు 0 ఉండాలని 2021 జనవరి 15 నుంచి రూల్ వచ్చింది. అందుకే చాలామంది 0తో కలిపే సేవ్ చేసుకున్నారు. ఆ 0 దేశం లోపల వాడుకోవడానికి మాత్రమే. బయటి నుంచి +91 తర్వాత 0 పెడితే నంబర్ చెడిపోతుంది. హైదరాబాద్ ల్యాండ్‌లైన్‌కి కూడా అంతే. ఇక్కడ 040, బయటి నుంచి +91 40, ఆ తర్వాత 8 అంకెలు.

మరి 0091? గల్ఫ్ వెళ్లొచ్చిన వాళ్లకి ఇది నోటికి వచ్చేసింది. ఐఎస్‌డీ బూత్‌ల కాలం నుంచి డైరీల్లో, బీరువా తలుపు లోపల, పెళ్లి కార్డుల మీద అలాగే రాసుకున్నారు. సౌదీ, యూఏఈ, కువైట్‌లలో బయటి దేశానికి చేసేటప్పుడు ముందు కొట్టేది 00 కాబట్టి అక్కడ పనిచేస్తుంది. అదే కాంటాక్ట్‌తో అమెరికా వెళ్తే పనిచేయదు, అక్కడ 011 కొట్టాలి. ఆస్ట్రేలియాలో 0011, జపాన్‌లో 010. ఇన్ని కోడ్‌లు ఎవరు గుర్తుపెట్టుకుంటారు? గుర్తుపెట్టుకోవాల్సిన అవసరం లేకుండా చేసేదే ప్లస్.

ప్లస్ అంటే అంకె కాదు

కీప్యాడ్‌లో 0ని నొక్కి పట్టుకుంటే + వస్తుంది. చాలామంది దాన్ని అలంకారం అనుకుంటారు. నిజానికి అది నెట్‌వర్క్‌కి ఇచ్చే ఒక సమాచారం: "ఇది పూర్తి అంతర్జాతీయ నంబర్, నీ దేశం లెక్కలో చదవకు" అని. అప్పుడు 00 కావాలా, 011 కావాలా అన్నది మీ తలనొప్పి కాదు, నెట్‌వర్క్ చూసుకుంటుంది.

మన రీడర్స్‌కి నచ్చే ముక్క ఒకటి చెప్తా. సిమ్‌లో నంబర్ సేవ్ చేస్తే + అనే గుర్తు అంకెల మధ్య ఉండదు. నంబర్ ఏ రకానిదో చెప్పే ఒక బైట్ వేరుగా ఉంటుంది. ప్లస్ లేని నంబర్‌కి ఆ బైట్ హెక్స్‌లో 81, ప్లస్ ఉన్న నంబర్‌కి 91. మన దేశం కోడ్ కూడా 91 కావడం యాదృచ్ఛికమే. సౌదీ +966 నంబర్‌కి కూడా ఆ బైట్ 91నే. ప్లస్ లేకుండా సేవ్ చేశారంటే "ఇది ఏ రకం నంబరో నాకు తెలియదు" అని సిమ్‌లో రాసి పెట్టినట్టే.

ఈ పద్ధతికి ప్రపంచవ్యాప్తంగా ఒక స్టాండర్డ్ ఉంది. అంతర్జాతీయ టెలికం సంస్థ ఐటీయూ పెట్టిన ఈ.164. ముందు దేశం కోడ్, తర్వాత ఆ దేశంలోని నంబర్, అన్నీ కలిపి 15 అంకెలు దాటకూడదు. ఓటీపీ పంపే యాప్‌లు రాసిన ప్రతి డెవలపర్‌కి ఇది తెలుసు. మన ఫోన్‌లోని కాంటాక్ట్స్ యాప్ మాత్రం ఏది కొడితే అది, ఎలా కొడితే అలా దాచుకుంటుంది.

ఇంట్లో ఉన్నన్నాళ్లు ఎందుకు బయటపడదు?

ఇదే నాకు అన్నిటికంటే చిరాకు తెప్పించే విషయం. ప్లస్ లేకపోయినా ఇండియాలో అంతా సాఫీగా నడుస్తుంది. ఎవరైనా కాల్ చేస్తే నెట్‌వర్క్ నుంచి నంబర్ +91తో వచ్చినా, ఫోన్ చివరి అంకెలు పోల్చి చూసి పేరు చూపించేస్తుంది. కాబట్టి కాంటాక్ట్‌లో లోపం ఉందని ఏళ్ల తరబడి తెలియదు. తెలిసేది మొదటిసారి పరాయి దేశంలో దిగినప్పుడు, అదీ ఎయిర్‌పోర్ట్‌లో వై-ఫై దొరకని చోట.

అప్పుడు కూడా ఒక వింత ఉంటుంది. కాంటాక్ట్ నుంచి చేస్తే వెళ్లని కాల్, మిస్డ్ కాల్ లిస్ట్ నుంచి చేస్తే వెళ్తుంది. లిస్ట్‌లో ఉన్న నంబర్ చాలాసార్లు +91తో వచ్చి ఉంటుంది మరి. దానికితోడు వోల్టే రోమింగ్ ఉన్న చోట, వై-ఫై కాలింగ్ ఆన్ ఉన్నప్పుడు, కాల్‌ని హోమ్ నెట్‌వర్కే చూసుకుంటుంది కాబట్టి ఉత్త 10 అంకెలు కూడా పనిచేయొచ్చు. హోటల్‌లో కలిసింది, రోడ్డు మీదకి రాగానే కలవలేదు. పెద్దవాళ్లు దీన్ని ఏమని అర్థం చేసుకోవాలి? "ఫోన్ ఖరాబ్ అయింది" అనుకుని పక్కన పెట్టేస్తారు.

మినాలో పక్క టెంట్‌కి కాల్

ఇండియాకి 2024లో ఇచ్చిన హజ్ కోటా 1,75,025. మన వాళ్లు నాంపల్లి హజ్ హౌస్ మీదుగా శంషాబాద్ నుంచి బయల్దేరతారు. ఆ ఏడాది ప్రపంచం మొత్తం మీద 18 లక్షల మందికి పైగా హజ్ చేశారు. మక్కాలో ఎండ 50 డిగ్రీలు దాటింది. 1,300 మందికి పైగా చనిపోయారని సౌదీ ప్రభుత్వమే ప్రకటించింది. అంత జనంలో, అంత ఎండలో, 60 దాటిన మనిషి తన గ్రూప్ నుంచి విడిపోతే చేతిలో ఉన్న ఒకే ఆధారం ఫోన్.

ఇక్కడ చాలామంది గమనించని సంగతి ఒకటి ఉంది. భార్యాభర్తలు ఇద్దరూ ఇండియా సిమ్‌లతో రోమింగ్‌లో ఉన్నారనుకుందాం. ఆయన ఒక టెంట్‌లో, ఆవిడ వంద అడుగుల దూరంలో ఇంకో టెంట్‌లో. నెట్‌వర్క్ లెక్కలో మాత్రం ఆవిడ నంబర్ ఉన్నది ఇండియాలో. మినా నుంచి మినాకి చేస్తున్నా +91 ఉండాల్సిందే. కాల్ ఇండియా దాకా వెళ్లి మళ్లీ సౌదీకి వస్తుంది. చేసినవాళ్లకి అది ఐఎస్‌డీ, ఎత్తినవాళ్లకి రోమింగ్ ఇన్‌కమింగ్. "పక్కనే ఉంది కదా, లోకల్ కాలే కదా" అని 10 అంకెలు కొడితే ఆ పది అంకెలూ సౌదీ నెట్‌వర్క్‌లోనే ఆగిపోతాయి.

అక్కడ లోకల్ సిమ్ తీసుకుంటే లెక్క తిరగబడుతుంది. సౌదీ మొబైల్ నంబర్ అక్కడ 05తో మొదలవుతుంది. హైదరాబాద్ నుంచి చేసేవాళ్లు +966 పెట్టి, 0 తీసేసి, 5 నుంచి కొట్టాలి. ఆ నంబర్ ఇంట్లో అందరి ఫోన్లలో పేరుతో సేవ్ చేసి పెట్టండి. ఎందుకంటే మోసాల భయంతో "ప్లస్‌తో వచ్చే తెలియని కాల్ ఎత్తొద్దు" అని మనమే ఇంట్లో వాళ్లకి నేర్పించాం. పేరు కనబడకపోతే అమ్మ ఎత్తదు.

"వాట్సాప్ ఉంది కదా బ్రో"

ఈ మాట నాకు రోజూ వినిపిస్తుంది. మూడు కారణాల వల్ల అది సరిపోదు.

ఒకటి, యూఏఈలో వాట్సాప్ మెసేజ్‌లు వెళ్తాయి గానీ వాయిస్, వీడియో కాల్స్ ఏళ్లుగా బ్లాక్‌లో ఉన్నాయి. పాతబస్తీ నుంచే కాదు, జగిత్యాల, సిరిసిల్ల, నిజామాబాద్ నుంచి దుబాయ్ వెళ్లి పనిచేసే ప్రతి అన్నకి ఈ సంగతి తెలుసు. రెండు, డేటా లేనప్పుడు వాట్సాప్ లేదు. రోమింగ్ డేటా ఖర్చుకి భయపడి ఆఫ్ చేసుకునేవాళ్లే ఎక్కువ. మూడు, వాట్సాప్‌కి కూడా ప్లస్ కావాలి. కోడ్ లేని కాంటాక్ట్ కనిపిస్తే అది మీ వాట్సాప్ నంబర్ ఏ దేశానిదో ఆ దేశానిదే అనుకుంటుంది. వాట్సాప్‌ని సౌదీ నంబర్‌కి మార్చుకున్న రోజు, +91 లేని ఇండియా కాంటాక్ట్స్ దానికి దొరకవు.

సెట్టింగ్ ఉంది, కానీ అది ఊహించి చెప్పడమే

ఐఫోన్ సెట్టింగ్స్‌లో, ఫోన్ సెక్షన్‌లో, డయల్ అసిస్ట్ అని ఉంటుంది. గూగుల్ ఫోన్ యాప్ వాడే కొన్ని మోడళ్లలో అసిస్టెడ్ డయలింగ్ అని ఉంటుంది. మీరు విదేశంలో ఉన్నారని గమనించి, నంబర్ ముందు కోడ్ తగిలించడం వీటి పని. ఉంటే ఆన్ చేసుకోండి, నష్టం లేదు.

కానీ ఇంజనీర్‌గా నాకు ఈ డిజైన్ తప్పు చోట పెట్టినట్టు అనిపిస్తుంది. టైమ్‌జోన్ లేకుండా టైమ్‌స్టాంప్ సేవ్ చేస్తే కోడ్ రివ్యూలో ఊరుకుంటారా? తర్వాత ఎంత తెలివైన కోడ్ రాసినా "ఇది ఏ ఊరి తొమ్మిది గంటలు?" అన్నది ఊహించాల్సిందే. నంబర్ కథ కూడా అంతే. మీరు సేవ్ చేసే క్షణంలో ఫోన్‌కి అన్నీ తెలుసు: సిమ్ ఇండియాది, మీరు ఉన్నది ఇండియాలో, కొట్టింది 10 అంకెలు, 9తో మొదలైంది. అప్పుడే +91 కలిపి దాచేస్తే పని అయిపోయింది. అప్పుడు వదిలేసి, రెండేళ్ల తర్వాత మక్కాలో కాల్ బటన్ నొక్కినప్పుడు ఊహించడం ఎందుకు?

కొత్త టెక్నాలజీ ఏమీ అక్కర్లేదు. నంబర్లని చదివి ఈ.164 ఫార్మాట్‌లోకి మార్చే లిబ్‌ఫోన్‌నంబర్ అనే ఓపెన్ సోర్స్ లైబ్రరీని గూగుల్ ఎప్పుడో ఇచ్చింది. 2011లో వచ్చిన ఆండ్రాయిడ్ 4.0 నుంచి అది సిస్టమ్‌లోనే ఉంది. ఫొటోలో వెనకున్న మనిషిని చెరిపేసే ఏఐ గురించి గంట సేపు స్టేజ్ మీద చెప్పే కంపెనీలకి, నంబర్ ముందు మూడు గుర్తులు కలిపి సేవ్ చేయడం కష్టమా? స్క్రీన్ మీద 10 అంకెలే చూపించండి, ఎవరికీ అభ్యంతరం లేదు. లోపల మాత్రం పూర్తి నంబర్ పెట్టండి. పాత కాంటాక్ట్స్ విషయంలో, రోమింగ్ ఆన్ అయినప్పుడు "ఇన్ని నంబర్లకి దేశం కోడ్ లేదు, కలపమంటారా?" అని ఒక్కసారి అడగండి చాలు.

"మరి +91 పెడితే ఇండియాలో కూడా ఐఎస్‌డీ ఛార్జ్ పడుతుందేమో" అని చాలామంది పెద్దవాళ్ల అనుమానం. పడదు. ఇండియాలో ఉండి +91 నంబర్‌కి చేస్తే అది మామూలు కాలే.

కంపెనీలు మారేదాకా మనం చేయాల్సింది

ముందు ఇంట్లో పెద్దవాళ్ల ఫోన్. మొత్తం కాంటాక్ట్స్ అవసరం లేదు, ముఖ్యమైన పది నంబర్లు చాలు. ప్రతిదానికీ ముందున్న 0 లేదా 0091 తీసేసి +91 పెట్టండి. ట్రావెల్ ఏజెంట్, గ్రూప్ లీడర్, అక్కడున్న చుట్టం నంబర్లు వాళ్ల దేశం కోడ్‌తో సేవ్ చేయండి: సౌదీ +966, యూఏఈ +971, కువైట్ +965, ఖతర్ +974, ఒమన్ +968, బహ్రెయిన్ +973. అవే నంబర్లు ఒక కాగితం మీద ప్లస్‌తో సహా రాసి పాస్‌పోర్ట్ కవర్‌లో పెట్టండి. బ్యాటరీ అయిపోయిన రోజు ఎవరి ఫోన్ నుంచైనా చేసుకోవచ్చు.

మీ సొంత కాంటాక్ట్స్ వందల్లో ఉంటే కంప్యూటర్‌లో గూగుల్ కాంటాక్ట్స్ తెరిచి ఎక్స్‌పోర్ట్ చేసుకోండి. పైథాన్ వచ్చినవాళ్లకి ఫోన్‌నంబర్స్ అనే లైబ్రరీతో పది లైన్ల పని. మొబైల్, ల్యాండ్‌లైన్ రకాల నంబర్లనే మార్చండి, 1800 నంబర్ల జోలికి వెళ్లకండి. సీఎస్‌వీ ఫైల్‌ని ఎక్సెల్‌లో నేరుగా తెరిస్తే నంబర్లు 9.19 అంటూ చిన్నబోతాయి, ఆ కాలమ్‌ని టెక్స్ట్‌గా పెట్టి తెరవండి. ఏదైనా తేడా వస్తే గూగుల్ కాంటాక్ట్స్‌లో 30 రోజుల వెనక్కి వెళ్లే ఆప్షన్ ఉంది.

బ్యాంక్ కార్డు వెనకున్న 1800, 1860 నంబర్లు బయటి దేశాల నుంచి సాధారణంగా కలవవు. విదేశాల నుంచి చేయడానికి బ్యాంక్ ఇచ్చే వేరే నంబర్‌ని వెళ్లే ముందే తీసుకుని సేవ్ చేసుకోండి. కార్డు పోయిన తర్వాత వెతకడం కాదు.

ఎమర్జెన్సీ నంబర్లకి మాత్రం ప్లస్ పెట్టకూడదు. 112 కొడితే మొబైల్ ఏ దేశంలో ఉంటే ఆ దేశం ఎమర్జెన్సీకి వెళ్తుంది. మక్కాలో 911, యూఏఈలో పోలీస్ 999, అంబులెన్స్ 998. పెద్దవాళ్లకి ఈ తేడా చెప్పి, ఒకసారి వాళ్ల చేతే 0 నొక్కి పట్టించి ప్లస్ కొట్టించండి. మీరు సెట్ చేసి ఇచ్చిన పది నంబర్లు కాకుండా పదకొండో నంబర్ అవసరమైతే వాళ్లే కొట్టుకోవాలి కదా.

ఇక మన రివ్యూల సంగతి. కెమెరాకి పది పాయింట్లు ఇచ్చేటప్పుడు, కాంటాక్ట్స్ యాప్‌లో 10 అంకెల నంబర్ సేవ్ చేసి, ఎక్స్‌పోర్ట్ చేసి, లోపల +91 వచ్చిందా లేదా చూడటానికి రెండు నిమిషాలు పట్టదు. సిమ్ కూడా మార్చక్కర్లేదు, విమానం ఎక్కక్కర్లేదు. రానిచోట ఫలానా ఫోన్ ఈ టెస్ట్ ఫెయిల్ అయిందని రాయాలి. ఇక నుంచి నేను రాసే ప్రతి ఫోన్ రివ్యూలో ఆ లైన్ ఉంటుంది.